చార్జింగ్ అయిపోయిందనే మాట

మా ఆయన నాకు మేనబావ. పెళ్ళయిన ఏడో నెలలో సౌదీ వెళ్ళాడు. అక్కడ ఒక కంపెనీలో పైపులు అతికే పని. నేను ఎల్లారెడ్డిలో మా అత్తమ్మతో ఉండిపోయాను. అత్తమ్మ అంటే మా నాన్నకు సొంత చెల్లెలు. చిన్నప్పుడు నా తలకు నూనె రాసి జడలు వేసిన మనిషి. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆమె ఇంట్లోనే కూర్చుని బీడీలు చుట్టేది. నేను బీఈడీ చేసి ఉన్నాను కాబట్టి కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచరుగా చేరాను. పొద్దున ఏడున్నర బస్సుకు పోయి, సాయంత్రం అయిదుంబావు బస్సుకు తిరిగి వచ్చేదాన్ని.

నా ఫోను పెళ్ళికి ముందు కొన్నది. బ్యాటరీ దిగిపోయింది. దానికి తోడు మా బడిలో ప్రతి టీచరూ తన క్లాసు గ్రూపులో రోజూ హోంవర్కు ఫోటోలు పెట్టాలి, రాని పిల్లల తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి, ఏ పండుగ చేసినా వీడియో తీసి పంపాలి. మధ్యాహ్నం అన్నం తినే వేళకే సగం అయిపోయేది. స్టాఫ్ రూములో ఉన్నది ఒకే ప్లగ్గు. అందులో ఎప్పుడూ ఎవరిదో ఒకరి ఫోను ఉండేది. సాయంత్రం బస్సు తాడ్వాయి దాటేసరికి నా ఫోను ఆరిపోయేది.

ఆయన డ్యూటీ దిగి రూముకు వచ్చే వేళ సరిగ్గా అదే. అక్కడ మూడున్నర, ఇక్కడ ఆరు. ఆయన చేస్తాడు, స్విచ్ ఆఫ్ అని వస్తుంది. నేను ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకముందే అత్తమ్మ తన చిన్న ఫోను నా చేతికిచ్చేది.

"ఎందుకు బందున్నది?" అని అడిగేవాడు.

"చార్జింగ్ అయిపోయింది బావా."

"రోజూ ఎట్ల అయిపోతది? ఎవరితోని మాట్లాడితే అయిపోతది?"

మొదట్లో నవ్వుతూనే అడిగేవాడు. నేనూ నవ్వుతూనే చెప్పేదాన్ని. ఏడాది గడిచేసరికి ఇద్దరి నవ్వూ పోయింది.

ఒకసారి నాగిరెడ్డిపేట మనిషి ఒకాయన సెలవు మీద వస్తుంటే అతని చేత ఒక పవర్ బ్యాంకు పంపాడు. ఇరవై వేల ఎంఏహెచ్‌ది. ఇటుకంత ఉంది. దాన్ని నిండా చార్జ్ చేయాలంటే తెల్లవార్లూ ప్లగ్గులో ఉంచాలి. మా ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మధ్యలో ఆగిపోయేది. టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, దిద్దాల్సిన నోటుబుక్కులు, వాటి మీద ఈ ఇటుక. నిలబడి ప్రయాణం చేసే రోజుల్లో బ్యాగు భుజాన్ని కోసేసేది. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా అయినప్పటి నుంచి ఆ బస్సులో సీటు దొరకడమే గగనం. పది రోజులు మోసి దాన్ని బీరువాలో పెట్టేశాను.

"బరువైతే చిన్నది కొనుక్కో. గది గుడ నేనే చెప్పాల్నా?" అన్నాడు ఆయన.

అందుకే ఒక శనివారం బడి వదిలాక స్టేషన్ రోడ్డులో ఒక మొబైల్ షాపుకు వెళ్ళాను. మా బడిలో హిందీ చెప్పే అక్క నాతో వచ్చింది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఇద్దరు పిల్లలను ఒంటరిగా పెంచిన మనిషి. షాపాయన కళ్ళజోడు పెట్టుకుని ఒక ఫోను విప్పి బాగుచేస్తున్నాడు. ఏం కావాలో చెప్పగానే చేతిలో పని పక్కన పెట్టి ముందు నన్నే ప్రశ్నలు అడిగాడు.

"ఇంట్ల కెళ్ళి ఎన్ని గంటలకు బయటవడతరు మేడం? మల్ల ఎన్నింటికి ముడుతరు? ఫోనొక్కటేనా, ఇంకేమన్న చార్జ్ చేస్తరా?"

చెప్పాను. మూడు తీసి అద్దం మీద పెట్టాడు. ఒకటి వేలంత ఉంది, నేరుగా ఫోను కింద గుచ్చేది. ఇంకొకటి ఫోను వీపుకు అయస్కాంతంతో అంటుకునేది. మూడోది అరచేతిలో ఇమిడే పలక లాంటిది, దానికే చిన్న వైరు అతికి ఉంది.

"గీ వేలంతది ముద్దుగనే ఉంటది గని మీ అసోంటి పాత ఫోనుకు ఒక్కసారి గుడ నిండదు. బస్సు గతుకులల్ల పిన్ను ఇరుగుతది. అయస్కాంతంది మీ ఫోనుకు అంటుకోదు. గీ మూడోది తీసుకోండ్రి. మీద పది వేలని రాసుంటది, దాన్ని నమ్మొద్దు. ఎనక సన్న అక్షరాలు చదువుండ్రి."

వెనక్కి తిప్పి చదివాను. అందులో ఆరు వేల చిల్లర ఉంది.

"మిగిలింది ఏమైతది?" అని అడిగింది అక్క.

"వేడికి పోతదమ్మా. అన్నిట్లల్ల గంతే. కొందరు రాస్తరు, కొందరు రాయరు. రాసినోడే నయం."

షాపాయన మాట నాకు నచ్చింది. దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. బరువు తెలియలేదు. పక్కన చిన్న బటన్ నొక్కితే నాలుగు నీలం లైట్లు వరుసగా వెలిగాయి. నిండా ఉంటే నాలుగు, అయిపోవచ్చినప్పుడు ఒకటి. నా బ్యాగులో లోపలి జిప్పు అరలో సరిగ్గా పట్టింది. చాలా రోజుల తర్వాత నాకోసం నేను చూసి, అడిగి, ఎంచుకుని కొన్న వస్తువది. సంతోషంగానే ఉన్నాను. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి మనసు రావడం లేదు కానీ ఉన్నమాట అదే.

బస్టాండు వైపు నడుస్తుంటే అక్క అంది: "ఒక మాట చెప్తా ఏమనుకోవద్దు. ఫోను బందు వడుడే మంచిగుండె నీకు. గా గంటసేపన్న నిమ్మళంగ కూసుంటుంటివి."

నేను పట్టించుకోలేదు. ఇంట్లో గొడవ తప్పితే అదే పదివేలు అనుకున్నాను.

మొదటి వారం నిజంగానే గొడవ తప్పింది. ఆరింటికి ఫోన్ వచ్చేది, ఎత్తేదాన్ని. తిన్నావా, అమ్మ ఎట్లుంది, వానలు పడ్డయా. రెండో వారం నుంచి వీడియో కాల్ మొదలైంది. అంతకుముందు వీడియో అంటే చార్జింగ్ లేదని చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడానికి లేదు. మూడో వారం లొకేషన్ పెట్టమన్నాడు. బడిలో అడుగుపెట్టిన దగ్గర నుంచి ఇంటి గడప ఎక్కేదాకా నేను ఎక్కడున్నానో ఆయన ఫోనులో కనపడుతూ ఉండాలి.

"గది పెడితే బ్యాటరీ తొందరగ అయిపోతది బావా."

"అయిపోతే డబ్బా ఉన్నది గద. గందుకే గద కొన్నది."

అప్పుడే లొకేషన్ పెట్టాను.

ఒక సాయంత్రం బస్సు బాగా నిండింది. కామారెడ్డిలోనే ఎక్కాను కాబట్టి కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన ఒక ముసలవ్వ ఒడిలో కూరగాయల సంచి పెట్టుకుని కూర్చుంది. వీడియో కాల్ వచ్చింది. ఆయన ముఖం తెర మీదకు రాగానే మొదట నన్ను చూడలేదు, నా వెనక చూశాడు.

"పక్కపొంటి ఎవలున్నరు?"

"ఎవరో అవ్వ."

"చూపెట్టు."

ఫోనును అవ్వ వైపు తిప్పాను. ఆమె తనను పలకరిస్తున్నారనుకుని "మంచిగున్నవా కొడుకా" అంది. ఆయన తల ఊపాడు.

"అటు దిక్కు? నిలవడ్డది ఎవలు? అంగి కనవడుతున్నది."

బస్సు నడుమ ఒకాయన పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అలసిపోయి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ మనిషి మీదికి ఫోను తిప్పాను. అప్పుడే అతను కళ్ళు తెరిచాడు. ఒక ఆడమనిషి తన ముఖానికి ఫోను పట్టుకుని ఉండటం చూసి వెనక్కి జరిగి, ఇంకెవరి భుజం చాటుకో పోయాడు. ఆ క్షణంలో నాకు భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

కాల్ అయ్యాక అవ్వ అడిగింది: "ఎవలు బిడ్డా?"

"మా ఆయన."

"నా మొకం సూసినంక నిమ్మళమైందా ఆయనకు?"

ఆమె ఎగతాళిగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. లింగంపేటలో దిగేటప్పుడు ఆమె నా భుజం మీద చెయ్యి వేసి దిగిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒకనాడు కావాలనే పవర్ బ్యాంకును చార్జింగులో పెట్టలేదు. పొద్దున బటన్ నొక్కి చూశాను, ఒక్క లైటు మాత్రమే వెలిగింది. అలాగే బ్యాగులో వేసుకుని పోయాను. సాయంత్రం తాడ్వాయి దగ్గర ఫోను ఆరిపోయింది. పాత రోజుల్లో లాగానే. బస్సు ఆగినప్పుడు ఉడకబెట్టిన పల్లికాయలు కొన్నాను. వాటిని ఒలుచుకుని తింటూ పొలాల వైపు చూశాను. నాట్లు వేసి నాలుగు రోజులయినట్టుంది, నీళ్ళ మీద సన్నని పచ్చదనం తేలుతోంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అంతకుముందు రోజూ ఉన్న గంట అది. అప్పుడు దాన్ని గంటగా లెక్కపెట్టుకోలేదు, ఇల్లు చేరేదాకా గడిచే సమయం అనుకున్నాను. హిందీ అక్క చెప్పింది దీని గురించేనని ఆ బస్సులో అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గడప మీదే నిలబడి ఉంది. ఆయన అప్పటికి నాలుగుసార్లు చేశాడట. ఆ రాత్రి పవర్ బ్యాంకును ప్లగ్గులో పెట్టి పడుకున్నాను.

మర్నాడు పొద్దున నేను వంటింట్లో ఉండగా అత్తమ్మ నా బ్యాగు దగ్గర కూర్చుని ఉండటం చూశాను. పవర్ బ్యాంకు ఆమె చేతిలో ఉంది. ఇంకో చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. బటన్ నొక్కి, వేలు పెట్టి లెక్కపెడుతోంది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగున్నయి కొడుకా."

అత్తమ్మకు చదువు రాదు. బీడీల కట్టలు లెక్కపెట్టడంలో మాత్రం ఎప్పుడూ తప్పు పోయేది కాదు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆయన చేయడం, ఆమె లైట్లు లెక్కపెట్టి చెప్పడం అలవాటయింది. నా కళ్ళముందే చేసేది. దాచుకోలేదు. దాచుకుంటే నాకు కొంత నయంగా ఉండేదేమో.

ఒక ఆదివారం ఆమె చాట ఒడిలో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని అడిగాను: "అత్తమ్మా, మామయ్య గుడ దుబాయిల ఉండె గద. మీరెట్ల మాట్లాడుకునేటోళ్ళు?"

ఆమె కత్తెర ఆపింది. చాలాకాలంగా ఎవరూ అడగని సంగతి అడిగినట్టు ముఖం విప్పారింది.

"మాట్లాడుడెక్కడిది బిడ్డా. రెండు నెల్లకోపాలి ఉత్తరం వచ్చేది. మీ నాయినే సదివిపెడుతుండె. ఒకపాలి క్యాసెట్టుల మాట నింపి పంపిండు. ఇంట్ల టేపు లేదు, పక్కింట్ల పెట్టి ఇన్న. ఎనిమిదేండ్లు గట్లనే గడిచిపాయె."

"మరి నువ్వెక్కడికి పోతున్నవ్, ఎవరితోని పోతున్నవ్ అని అడగకపోతుండెనా?"

"ఎట్లడుగుతడు? అడిగిన ఉత్తరం వచ్చేసరికి నేను పోయి రానే వత్తుంటి." ఆమె నవ్వింది. "ఏడుపాయల జాతరకు పోయిన. మా దోస్తులతోని కామారెడ్డిల సినిమాలు సూసిన. కంపెనోడు ఆకు తక్కువిస్తున్నడని పది మంది ఆడోళ్ళం పోయి కొట్లాడినం. ఆయన వచ్చినంక గివన్ని చెప్తే నవ్విండు."

అలా ఆ మధ్యాహ్నం చాలాసేపు చెప్పింది. ఆమె నా వైపు వచ్చిందని నమ్మాను. ధైర్యం చేసి అన్నాను: "నాకు గుడ ఒక్క గంట గట్ల ఉండాలనిపిస్తది అత్తమ్మా. పొద్దుగాల నువ్వు గా లైట్లు లెక్కపెట్టుడు మానెయ్యి."

ఆమె మళ్ళీ ఆకు చేతిలోకి తీసుకుంది. కత్తిరిస్తూనే అంది: "వాడు అడుగుతడు బిడ్డా. ఎడారిల ఒక్కడున్నడు. నేను చెప్పకపోతే వానికి అన్నం సయించది."

మర్నాడు పొద్దున ఆమె మామూలుగానే లెక్కపెట్టింది. నాలుగు.

ఇక బడి సంగతి. క్లాసులో ఉండగా ఫోను స్టాఫ్ రూములో బ్యాగులో ఉండేది. ఆయనకు అది నచ్చలేదు. టైంటేబుల్ ఫోటో పంపమన్నాడు, పంపాను. ఖాళీ పీరియడ్‌లో చేసినప్పుడు స్టాఫ్ రూము చూపించమన్నాడు. లెక్కల సారు ఎదుటి బెంచీ మీద కూర్చుని పేపర్లు దిద్దుతున్నాడు. సారుకు యాభై దాటాయి, నన్ను బిడ్డా అని పిలిచేవాడు. ఆయన ఎవరు, ఎందుకు అక్కడ కూర్చున్నాడు, మీ ఆడవాళ్ళకు వేరే గది లేదా అని అందరూ వింటుండగానే మా ఆయన అడిగాడు. సారు పేపర్లు తీసుకుని వరండాలోకి పోయాడు. మర్నాటి నుంచి నన్ను మేడం అనేవాడు.

తర్వాత ఒకరోజు మా ఆయన బడి ఆఫీసుకే ఫోన్ చేశాడు. నేను క్లాసులో ఉన్నానని గుమస్తా చెబితే, పిలిచి మాట్లాడించమన్నాడట. ఆరోజు పరీక్షల పని ఒత్తిడిలో ఉన్నారు. అదే రోజు మరో రెండుసార్లు చేశాడు. సాయంత్రం కరస్పాండెంటు సారు నన్ను పిలిచాడు.

"మేడం, మీ పాఠం మంచిగ ఉంటది, పిల్లలు గుడ మంచిగ వింటరు. గని ఇంటి ముచ్చట్లు ఇంటికాన్నే చూసుకోవాలె. గిట్లయితే మాకు కష్టం."

ఆయన పొమ్మనలేదు. ఇంకోసారి ఇలా జరిగితే పొమ్మంటాడని మాత్రం నాకు తెలుసు. ఆ ఇంకోసారి తప్పకుండా వస్తుందనీ తెలుసు. దసరా సెలవుల ముందు నేనే రాజీనామా కాగితం రాసిచ్చాను. ఆరో తరగతి పిల్లలకు చెప్పలేదు. వేమన పద్యాలు సగంలో ఉన్నాయి, సెలవులయ్యాక మిగతావి చెప్పుకుందామని వాళ్ళతో అబద్ధమాడాను. హిందీ అక్క బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలే ముందు, "నువ్వు చేసింది తప్పని అంట లేను. గని నీ అంతట నువ్వు చేసినట్టు గుడ లేదు" అంది. ఆమె మీద కోపం వచ్చింది. ఆ మాట నిజం కాబట్టే వచ్చిందని తర్వాత తెలిసింది.

ఈ ఏడు ఆయన సెలవు మీద నలభై అయిదు రోజులు వచ్చాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నెమ్మదిగానే ఉన్నాడు. వంటింట్లో ఉల్లిగడ్డలు తరిగిచ్చాడు, అత్తమ్మకు కళ్ళు చూపించుకొచ్చాడు, బోరు మోటారు బాగుచేయించాడు. వీధిలో అందరూ నా అదృష్టం గురించి మాట్లాడారు. ఒక మధ్యాహ్నం అత్తమ్మ బీడీల గంప తీసుకుని కార్ఖానాకు పోయినప్పుడు నేరుగా అడిగాను.

"బావా, నా మీద నీకు అనుమానమా?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"అనుమానం గాదు. రూంల పన్నెండు మందిమి ఉంటం. డ్యూటీ దిగంగనే అందరు ఫోన్లు వట్టుకుంటరు. ఎవని పెండ్లాం ఫోన్ ఎత్తకపోయినా మిగిలినోళ్ళు వాని మొకం సూస్తరు. ఒకపాలి నన్ను గుడ సూసిండ్రు. నీ ఫోన్ బందున్నదని నవ్విండ్రు. మస్తు దినాలు నవ్విండ్రు. నీకు తెల్వది అదెట్లుంటదో."

"మరి నా ఉద్యోగం పోయింది గద."

"పోతే పోయె. నేను పంపుతలేనా?"

ఆయన చెప్పింది అర్థమైంది. పన్నెండు మంచాలు, పన్నెండు ఫోన్లు, నా బావ ముఖం వైపు తిరిగిన పదకొండు ముఖాలు నాకు కనిపించాయి. జాలి కలిగింది కూడా. కానీ ఆ నవ్వు ఆయన మీద పడకుండా ఉండటానికి నేను బస్సులో ముక్కూ ముఖం తెలియని మనిషి మీద ఫోను తిప్పాను. లెక్కల సారు నోట బిడ్డా అన్న పిలుపు పోగొట్టుకున్నాను. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే ఆయన లేచి మోటారు వేయడానికి పోయాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. క్షమించానా అంటే లేదు. ఆయనా క్షమించమని అడగలేదు.

ఆయన తిరిగి వెళ్ళి అయిదు నెలలయింది. నేను ఇప్పుడు ఇంట్లోనే సాయంత్రం నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. పగలు అత్తమ్మ పక్కన కూర్చుని బీడీలకు దారం కడతాను. ఫోను కిటికీ దగ్గర ప్లగ్గులోనే ఉంటుంది, ఎప్పుడు చూసినా నిండుగా. మొదట్లో అది మోగుతుందని చెవులు అటే పెట్టేదాన్ని. కానీ నేను ఇంట్లోనే ఉంటానని ఆయనకు రూఢి అయ్యాక ఫోన్లు తగ్గాయి. రోజుకు ఒకటయింది, తర్వాత రెండు రోజులకు ఒకటి. లొకేషన్ ఊసే లేదు. వీడియో చేయమని నేనే అడిగితే, అలసిపోయానంటాడు.

మొన్న చేశాడు. మోటారు నీళ్ళు పోస్తోందా, గ్యాసు వచ్చిందా అని అడిగాడు. ఆ రోజు ట్యూషన్ పిల్లల్లో ఒకమ్మాయి, ఎన్ని నెలలుగానో అక్షరాలు కూడబలుక్కునే పిల్ల, మొదటిసారి ఒక పేజీ ఎక్కడా ఆగకుండా చదివింది. ఆ సంగతి చెబుదామని "బావా, ఇయ్యాల ఏమైందంటే" అన్నాను.

"మల్ల చేస్త" అని పెట్టేశాడు.